ఉప్పుగాలి ఊళ్ళో ఏసీ: కాయిల్ శుభ్రంగా ఉంటేనే ఇంటికి మేలు



ఒకప్పుడు ఏసీ అంటే సినిమా హాలో, బ్యాంకో, పెద్ద డాక్టరుగారి గదో గుర్తుకొచ్చేది. ఇప్పుడు జాలరిపేట సందుల్లో నడిచినా గోడలకు బిగించిన అవుట్‌డోర్ యూనిట్లు కనబడుతున్నాయి. కొందరు వాయిదాల మీద కొనుక్కున్నారు. కొందరు ఇంట్లో పెద్దవాళ్ళు వేసవి తట్టుకోలేకపోతున్నారని కొన్నారు. దీన్ని విలాసం అని మేము అనము. 2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. గుండెజబ్బు ఉన్నవారికి, వయసు మళ్ళినవారికి, పసిబిడ్డలకు ఎండాకాలంలో ఒక చల్లని గది ప్రాణాన్ని కాపాడవచ్చు.

అయితే మమ్మల్ని తల్లులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏసీ పెట్టిన దగ్గర్నుంచి పిల్లాడికి తుమ్ములు, రాత్రి దగ్గు తగ్గడం లేదండీ, తీసేయమంటారా?" చాలా ఇళ్ళలో తీసేయవలసిన అవసరం ఉండదు. ముందు దాని మూత తెరిచి, టార్చిలైటు వేసి, లోపల కాయిల్ ఎలా ఉందో చూడండి అని మేము చెబుతాము. కొన్నప్పటి నుంచి ఆ మూత తెరవని ఇళ్ళు చాలానే ఉన్నాయి. అందుకే ఈ సంచికలో ఏసీ కాయిల్ గురించి, దాని శుభ్రత గురించి వివరంగా రాస్తున్నాము.

కాయిల్ అంటే ఏమిటి?

స్ప్లిట్ ఏసీలో రెండు కాయిల్స్ ఉంటాయి. గదిలో ఉన్న యూనిట్‌లో ఒకటి, బయట ఉన్న యూనిట్‌లో ఇంకొకటి. రాగి గొట్టాన్ని మెలికలు తిప్పి, దానికి దువ్వెన పళ్ళలా సన్నని అల్యూమినియం రేకులు అమర్చి కాయిల్ తయారు చేస్తారు. ఈ రేకులనే ఫిన్స్ అంటారు. కొన్ని ఏసీలలో గొట్టం కూడా అల్యూమినియమే. గొట్టంలో గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. లోపలి కాయిల్ దగ్గర గ్యాస్ గదిలోని వేడిని తీసుకుంటుంది, బయటి కాయిల్ దగ్గర ఆ వేడిని వదిలేస్తుంది. అంటే ఏసీ చలిని పుట్టించదు, ఇంట్లో వేడిని మోసుకెళ్ళి బయట పారబోస్తుంది.

లోపలి కాయిల్ చల్లగా ఉంటుంది కాబట్టి గాలిలోని తేమ దాని మీద నీటి బిందువులుగా పడుతుంది. చల్లటి మజ్జిగ చెంబు బయట చెమట పట్టినట్టే ఇదీను. నిజానికి 1902లో విల్లిస్ క్యారియర్ అనే అమెరికా ఇంజనీరు మొదటి ఆధునిక ఏసీని రూపొందించింది మనుషుల సుఖం కోసం కాదు, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చుయంత్రశాలలో తేమకు కాగితం ఉబ్బకుండా ఉండటం కోసం. మన విశాఖ ఉక్కలో ఏసీ చేసే పనిలో పెద్ద భాగం ఈ తేమను తీయడమే. బాగా ఉక్కగా ఉన్న రోజున ఒకటిన్నర టన్నుల ఏసీ నుంచి గంటకు లీటరు నీళ్ళు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ రావడం మామూలే.

ఇప్పుడు ఆలోచించండి. కాయిల్ ఎప్పుడూ తడిగా, చీకట్లో ఉంటుంది. దాని మీదకు గదిలోని దుమ్ము, పరుపు నూగు, వంటింటి నూనె ఆవిరి వచ్చి అంటుకుంటాయి. తడి, చీకటి, తిండి ఉన్న చోట బూజు పెరగక మానదు.

సముద్రం పక్కన ఇంటికి లెక్క వేరు

హైదరాబాదులో ఉన్న బంధువుల ఏసీ పదేళ్ళు వస్తే, మనది నాలుగైదేళ్ళకే గ్యాస్ కారిపోయిందని బాధపడేవారున్నారు. ఇందులో కంపెనీ తప్పు ఉండవచ్చు, లేకపోవచ్చు. ఉప్పుగాలి పాత్ర మాత్రం తప్పకుండా ఉంటుంది. కెరటం విరిగినప్పుడు లేచే సన్నని తుంపర గాలిలో ఎండి, ఉప్పు రేణువులుగా మారి ఇళ్ళ మీద పడుతుంది. ఉప్పుకు తేమను లాక్కునే గుణం ఉంది. ఫిన్స్ మీద పడ్డ ఉప్పు తేమను పీల్చుకుని ఉప్పునీటి పొరగా మారుతుంది. రాగి, అల్యూమినియం ఒకదానికొకటి తగులుతూ ఉప్పునీటిలో ఉంటే అల్యూమినియం తొందరగా తినబడిపోతుంది. మొదట తెల్లని పొడిలా కనబడుతుంది. తరువాత ఫిన్స్ వేలితో తాకితేనే రాలిపోతాయి.

దీనికి తోడు మనది ఓడరేవు ఊరు, ఉక్కు ఊరు. బొగ్గు, ముడి ఇనుము రవాణా జరిగే చోట్లకు దగ్గరగా ఉన్న ఇళ్ళలో నల్లటి సన్నని దుమ్ము కిటికీ గట్ల మీద పేరుకోవడం అందరూ చూసిందే. అదే దుమ్ము ఉప్పుతో కలిసి బయటి కాయిల్ మీద జిగటగా పట్టుకుంటుంది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. వాన తగిలే చోట ఉన్న అవుట్‌డోర్ యూనిట్ కంటే, చూరు కింద వాన తగలకుండా "జాగ్రత్తగా" పెట్టిన యూనిట్ మీదే ఉప్పు ఎక్కువ పేరుకుంటుంది. వాన ఉప్పును కడిగేస్తుంది కదా! ఈ సంగతి జాలరిపేట వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. వేట నుంచి తిరిగి వచ్చాక బోటు ఇంజిన్‌ను మంచినీళ్ళతో కడిగి పెట్టకపోతే ఏమవుతుందో వారికి బాగా తెలుసు. ఆ ఇంజిన్‌కు ఇచ్చే మర్యాదే ఇంటి గోడ మీది యూనిట్‌కూ ఇవ్వాలి, అంతే.

మురికి కాయిల్ వల్ల ఆరోగ్యానికి ఏమవుతుంది?

మొదటిది ఎలర్జీ. కాయిల్ మీద, దాని వెనక తిరిగే బ్లోయర్ మీద పెరిగిన బూజు నుంచి కంటికి కనబడని బీజాలు గాలితో గదిలోకి వస్తాయి. ఏసీ వేసిన మొదటి పది నిమిషాల్లో వరుస తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళు దురద, తడిగుడ్డ కంపు వంటి వాసన ఉంటే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

రెండవది ఉబ్బసం. ఏసీ ఉన్నంత మాత్రాన ఉబ్బసం పుట్టదు. కానీ ఉబ్బసం ఉన్న పిల్లలకు బూజు, దుమ్ము, నేరుగా ముఖం మీదకు వచ్చే చల్లగాలి ఆయాసాన్ని రేపగలవు. ఇంకో పక్క, శుభ్రమైన ఏసీ గదిలో తేమను తగ్గిస్తుంది. తేమ తగ్గితే పరుపుల్లో ఉండే దుమ్ముపురుగులు కూడా తగ్గుతాయి. అంటే ఒకే యంత్రం శుభ్రంగా ఉంటే ఉబ్బసం రోగికి మేలు చేస్తుంది, మురికిగా ఉంటే కీడు చేస్తుంది.

మూడవది అరుదైనది, కానీ తెలిసి ఉండాలి. బూజు బీజాలను రోజుల తరబడి పీల్చడం వల్ల కొందరి ఊపిరితిత్తులు వాస్తాయి. మురికి గాలి పీల్చిన కొన్ని గంటల తరువాత జ్వరం, చలి, పొడిదగ్గు, ఆయాసం వస్తాయి. ఊరు వెళ్ళి నాలుగు రోజులు ఉంటే తగ్గుతాయి, ఇంటికి రాగానే మళ్ళీ మొదలవుతాయి. ఇలాంటి తీరు కనబడితే డాక్టరుకు తప్పక చెప్పండి. ఎక్కడ ఉన్నప్పుడు ఎక్కువవుతోంది, ఎక్కడ ఉన్నప్పుడు తగ్గుతోంది అన్న ఒక్క వివరం జబ్బును పట్టుకోవడానికి చాలా ఉపయోగపడుతుంది.

కొందరు లీజనేర్స్ జబ్బు గురించి విని భయపడుతుంటారు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో జరిగిన మాజీ సైనికుల సమావేశంలో ఈ న్యుమోనియా బయటపడింది. దాని సూక్ష్మక్రిమి పెద్ద భవనాల కూలింగ్ టవర్లలో, నీటిని తుంపరగా చల్లే చోట్ల పెరుగుతుంది. ఇంట్లో వాడే స్ప్లిట్ ఏసీకి కూలింగ్ టవర్ ఉండదు కాబట్టి ఆ భయం పెట్టుకోనక్కర లేదు.

ఇంట్లో మనమే చేసుకోగలిగింది

ముందుగా రిమోట్‌తో ఆపి, తరువాత గోడ మీద ఏసీకి ఉన్న ఎంసీబీని కూడా దించండి. పది నిమిషాలు ఆగండి. ఉబ్బసం ఉన్నవారిని, పిల్లలను వేరే గదిలోకి పంపి కిటికీలు తెరవండి. శుభ్రం చేసేవారు ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఫిన్స్ అంచులు బ్లేడులా కోస్తాయి.

ముందు మూత ఎత్తి ఫిల్టర్ జాలీలను బయటకు తీయండి. వాటిని గదిలో దులపవద్దు. పెరట్లోకి తీసుకెళ్ళి, కుళాయి నీళ్ళతో వెనక వైపు నుంచి కడగండి. జిడ్డు ఉంటే గిన్నెలు తోమే సబ్బునీళ్ళు కొంచెం వాడవచ్చు. నీడలో పూర్తిగా ఆరబెట్టండి. మండుటెండలో పెడితే ప్లాస్టిక్ చట్రం వంకర పోతుంది. తడి ఫిల్టర్ బిగిస్తే బూజుకు మనమే విత్తనం వేసినట్టు. ఏసీ రోజూ వాడే నెలల్లో ఈ పని 15 రోజులకు ఒకసారి చేయాలి. మూసుకుపోయిన ఫిల్టర్‌ను శుభ్రమైన దానితో మారిస్తే ఏసీ కరెంటు వాడకం 5 నుంచి 15 శాతం దాకా తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. అంటే ఇది బిల్లుకూ మందే.

ఫిల్టర్ తీసినప్పుడు టార్చి వేసి కాయిల్‌ను చూడండి. పొడి దుమ్ము మాత్రమే ఉంటే రంగులు వేసే మెత్తని బ్రష్‌తో పైనుంచి కిందికి, ఫిన్స్ ఎటు నిలువుగా ఉన్నాయో అటే, నెమ్మదిగా దువ్వండి. అడ్డంగా రుద్దితే ఫిన్స్ వంగి గాలి దారి మూసుకుపోతుంది. బూడిదరంగు జిగురు, నల్ల మచ్చలు కనబడితే అక్కడితో ఆపండి. అది మెకానిక్ వచ్చి సంచి కట్టి నీళ్ళతో కడగవలసిన పని. గాలి వచ్చే నోటి దగ్గర టార్చి వేస్తే బ్లోయర్ కనబడుతుంది. దాని మీద నల్లగా పేరుకుని ఉన్నా మెకానిక్‌నే పిలవండి.

రాత్రి వాడి తెల్లవారి ఆపే ముందు పావుగంట, ఇరవై నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో నడిపితే కాయిల్ ఆరుతుంది. రూపాయి ఖర్చు లేని ఈ అలవాటు బూజును చాలావరకు అడ్డుకుంటుంది.

బయటి యూనిట్‌ను ఎలా కడగాలి?

నేల మీద నిలబడి, లేదా డాబా మీద భద్రంగా నిలబడి అందుకోగలిగితేనే మీరు కడగండి. గోడ అంచు మీద, సన్‌షేడ్ మీద ఎక్కి కడిగే సాహసం ఇంట్లో ఎవరినీ చేయనివ్వకండి. పడితే ఏ సర్వీసు చార్జీకీ సరిపోని నష్టం జరుగుతుంది.

ఎంసీబీ దించి, వెనక వైపున్న కాయిల్ మీద సన్నని ధారగా మంచినీళ్ళు పైనుంచి కిందికి పోయండి. వైర్లు బిగించిన మూత మీదకు నీళ్ళు కొట్టవద్దు. తీరం పక్కన ఉన్న ఇళ్ళు నెలకు ఒకసారి ఇలా చేస్తే మంచిది. ఒక్క మాట బాగా గుర్తుంచుకోండి. మన ప్రాంతంలో చాలా బోర్లలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో కడిగితే ఉప్పును పోగొట్టడం మాట అటుంచి, కొత్త ఉప్పు పూసినట్టు అవుతుంది. కార్పొరేషన్ కుళాయి నీళ్ళు రెండు బకెట్లు చాలు. నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉన్న నీళ్ళు కాయిల్‌కు వాడవద్దు.

యూనిట్ ఆనుకుని వలలు, చేపలు ఎండబెట్టే తట్టలు, పాత సామాను పెట్టకండి. వేడిగాలి పోవడానికి ముందూ వెనుకా ఖాళీ ఉండాలి. నడుస్తున్న యూనిట్ మీద టార్పాలిన్ కప్పకూడదు.

తుఫాను హెచ్చరిక వస్తే ఎంసీబీ దించేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన తీరాన్ని తాకినప్పటి గాలిని చూసినవారికి స్టాండు బోల్టుల విలువ తెలుసు. తుప్పు పట్టిన స్టాండు, బోల్టులు ఉంటే వానాకాలానికి ముందే మార్పించండి. యూనిట్ నీళ్ళలో మునిగి ఉంటే మెకానిక్ చూడకుండా వేయవద్దు.

ఇవి మాత్రం చేయకండి

బాత్‌రూము కడిగే యాసిడ్, బ్లీచింగ్ పొడి నీళ్ళు, కాస్టిక్ సోడా కాయిల్ మీద పోయవద్దు. యాసిడ్ అయినా, కాస్టిక్ అయినా అల్యూమినియంను తినేస్తుంది. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు వస్తుంది. మూసిన గదిలో అది ప్రాణం మీదకు తెస్తుంది.

కాయిల్ మీద మంచు గడ్డకడితే చాకుతో, స్క్రూడ్రైవర్‌తో గీకవద్దు. గొట్టానికి చిల్లు పడుతుంది. ఏసీ ఆపి కరగనివ్వండి. ఫిల్టర్ మూసుకుపోవడం, కాయిల్ మురికి, గ్యాస్ తగ్గడం మంచు కట్టడానికి ముఖ్య కారణాలు.

కరెంటు మూతలు విప్పవద్దు. స్విచ్ ఆపినా లోపల కెపాసిటర్ అనే భాగంలో కొంతసేపు కరెంటు నిలవ ఉంటుంది, అది గట్టి షాక్ ఇవ్వగలదు.

మెకానిక్‌ను ఏమి అడగాలి?

వేసవికి ముందు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒకసారి, వానలు, తుఫానుల కాలం తగ్గాక ఒకసారి నీళ్ళతో పూర్తి సర్వీసు చేయించడం మంచిది. సముద్రంలో చేపల వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు జాలరిపేట ఇళ్ళలో డబ్బుకు కటకట. సరిగ్గా అప్పుడే ఎండ ముదురుతుంది, మెకానిక్‌లకు గిరాకీ పెరుగుతుంది. కాబట్టి ఆ ఖర్చును మార్చిలోపే ముగించుకోండి.

"గ్యాస్ అయిపోయింది, నింపాలి" అని మెకానిక్ అంటే ఒక ప్రశ్న వేయండి. "ఎక్కడ లీకయిందో చూపిస్తావా బాబూ?" ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో ఏళ్ళ తరబడి అదే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. చిల్లు పూడ్చకుండా ఏటా గ్యాస్ నింపించుకోవడం అడుగు లేని కుండలో నీళ్ళు పోయడమే. సబ్బు నురగ రాసి లీకు కనిపెట్టి, అతికించి, గొట్టాల్లో గాలి, తేమ లేకుండా వాక్యూమ్ చేసి, యూనిట్ మీద రాసి ఉన్న తూకం ప్రకారం గ్యాస్ నింపాలి.

ఏ గ్యాసో కూడా అడగండి. యూనిట్ మీద చీటీలో ఆర్-22, ఆర్-410ఏ, ఆర్-32, ఆర్-290 అని ఏదో ఒకటి రాసి ఉంటుంది. వీటిలో ఆర్-32కు కొంత మండే గుణం ఉంది. ఆర్-290 అంటే ప్రొపేన్, బాగా మండుతుంది. ఇవి ఉన్న ఏసీలను శిక్షణ పొందినవారితోనే బాగు చేయించాలి. పని జరిగేటప్పుడు తలుపులు తెరిచి, పొయ్యి, అగరుబత్తి, సిగరెట్టు లేకుండా చూడండి.

కొత్త ఏసీ కొనేవారు ఫిన్స్‌కు తుప్పును అడ్డుకునే పూత ఉందో లేదో కనుక్కోండి. నీలిరంగులోనో బంగారురంగులోనో ఉండే ఈ పూత ఉప్పుగాలిని కొంత తట్టుకుంటుంది. పూత ఉంది కదా అని కడగడం మానవద్దు.

బకెట్లో నీళ్ళు, దోమలు

ఏసీ పైపు కింద బకెట్ పెట్టి మరచిపోయే ఇళ్ళు ఎన్నో. డెంగీ దోమ మంచి నీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. బకెట్‌ను రోజూ పారబోయండి. వారానికి ఒకసారి లోపలి గోడలు రుద్ది కడిగి బోర్లించండి. శుక్రవారం డ్రై డే పాటించేటప్పుడు కుండీలు, డ్రమ్ములతో పాటు ఏసీ బకెట్‌ను కూడా లెక్కలో వేసుకోండి. ఆ నీళ్ళు మొక్కలకు, నేల తుడవడానికి పనికొస్తాయి. తాగడానికి, వంటకు, పసిపిల్లల స్నానానికి వాడకూడదు. పైపు నుంచి నీళ్ళు రావడం ఆగి గోడ మీదకు కారుతుంటే పైపు మూసుకుపోయిందని అర్థం. ఆ చెమ్మ గోడ కూడా బూజు పట్టి దగ్గుకు కారణమవుతుంది.

ఇంట్లో దగ్గు ఉన్న మనిషి ఉంటే

ఇంటి స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది. ఎంత శుభ్రమైన కాయిల్ అయినా, ఎంత కడిగిన ఫిల్టర్ అయినా క్షయ, ఫ్లూ, కోవిడ్ వంటి జబ్బుల క్రిములను ఆపలేదు. 2020 జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌలో, బయటి గాలి రాని ఒక ఏసీ రెస్టారెంట్‌లో పక్క పక్క బల్లల దగ్గర కూర్చున్న మూడు కుటుంబాలలో 10 మందికి కోవిడ్ వచ్చింది. ఏసీ గాలి ఆ బల్లల మధ్య తిరగడమే కారణమని పరిశోధకులు భావించారు.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా దగ్గు, జ్వరం ఉంటే ఏసీ ఆపి కిటికీలు, తలుపులు తెరిచి ఫ్యాన్ వేయండి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే "ఏసీ పడలేదు" అని సరిపెట్టుకోకండి. కఫం పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయ పరీక్ష, మందులు ఉచితం. ఏసీ మీద నెపం వేసి క్షయను నెలల తరబడి దాచుకుంటే ఆ గదిలో నిద్రపోయే పిల్లలందరికీ ముప్పే.

మంచి ఆరోగ్యంతో ఉన్నవారు కూడా రోజుకు రెండు పూటలా కొంతసేపు గది తెరిచి ఉంచాలి. 24 నుంచి 26 డిగ్రీల మధ్య పెట్టి, ఫ్యాన్ మెల్లగా వేసుకుంటే ఒంటికీ మంచిది, బిల్లుకూ మంచిది. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ గుర్తు ఉన్న కొత్త ఏసీలు మొదట 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా నియమం పెట్టారు. గాలి నేరుగా పిల్లల, పెద్దవాళ్ళ ముఖం మీదకు రాకుండా రెక్కలు పైకి తిప్పండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

కాయిల్ కడిగించి రెండు వారాలు గడిచినా తుమ్ములు, దగ్గు తగ్గకపోతే చూపించండి. రాత్రిపూట పిల్లికూతలు, మాట్లాడలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం ఉంటే ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి. ఉబ్బసానికి ఇన్‌హేలర్ వాడుతున్నవారు ఏసీ బాగయింది కదా అని మీ అంతట మీరు మానవద్దు.

ఈ ఆదివారం సాయంత్రం ఒక అరగంట తీసుకుని, ఎంసీబీ దించి, మూత ఎత్తి చూడండి. ఫిల్టర్ కడిగిన తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద రాసి పెట్టండి. 15 రోజుల తరువాత వచ్చే తేదీకి ఇప్పుడే సున్నా చుట్టండి. వచ్చేసారి పిల్లాడి దగ్గు గురించి మా దగ్గరకు వచ్చినప్పుడు ఆ తేదీలు మాకు చెప్పండి. మందుచీటీ రాయడానికి ముందు మేము అడిగే ప్రశ్నల్లో అదీ ఒకటి.